నంబర్ బతికే ఉంటుంది, ఓటీపీ మాత్రం రాదు: ప్రీపెయిడ్ కనీస రీఛార్జ్ లెక్కలు

2025 జనవరిలో వాట్సాప్ గ్రూపుల్లో, కొన్ని వార్తా సైట్లలో ఒక సంగతి జోరుగా తిరిగింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త రూలు తెచ్చిందట, సిమ్‌లో 20 రూపాయలుంటే చాలట, నెలల తరబడి రీఛార్జ్ అక్కర్లేదట. నిజానికి అది కొత్త రూలూ కాదు, అంత తేలిగ్గా అక్కరకొచ్చేదీ కాదు. 2012 నాటి టెలికాం వినియోగదారుల రక్షణ నిబంధనలకు 2013 ఫిబ్రవరిలో చేసిన ఆరో సవరణలోని సంగతది. ఆ ఏడాది మార్చి నుంచే అమల్లో ఉంది. పన్నెండేళ్లుగా ఉన్న నిబంధనను జనం కొత్తగా కనుక్కోవడానికి కారణం ఒక్కటే. 2024 జులైలో ధరలు పెరిగాక, ఇంట్లో రెండో సిమ్‌ను నిలబెట్టుకోవడం కూడా లెక్కగా చూసుకోవాల్సిన ఖర్చయింది.

ఆ సవరణ చెప్పేది ఇది. వాడకం లేదన్న కారణంతో ఏ మొబైల్ కనెక్షన్‌నూ 90 రోజులలోపు తీసేయకూడదు. 90 రోజులు దాటినా ప్రీపెయిడ్ ఖాతాలో రూ.20 లేదా అంతకంటే ఎక్కువ బ్యాలెన్స్ ఉంటే తీసేయకూడదు. ఆ బ్యాలెన్స్‌లోంచి రూ.20 మినహాయించుకుని మరో 30 రోజులు పొడిగిస్తారు. బ్యాలెన్స్ రూ.20 కంటే తగ్గేదాకా ఇలాగే నడుస్తుంది. ఆ తర్వాత కనెక్షన్ తీసేసినా, అదే నంబర్‌ను తిరిగి తెచ్చుకోవడానికి 15 రోజుల గడువు ఇవ్వాలి. పోస్ట్‌పెయిడ్ వాళ్లకు ఇదే సవరణలో సేఫ్ కస్టడీ ఉంది, రుసుము కట్టి నంబర్‌ను కొంతకాలం పక్కన పెట్టుకోవచ్చు.

ఇక్కడ ‘వాడకం’ అంటే ఏమిటన్నదే కీలకం. కాల్ చేయడం, కాల్ రావడం, ఎస్సెమ్మెస్ పంపడం, డేటా వాడటం, ఇవి లెక్కలోకి వస్తాయి. ఎస్సెమ్మెస్ రావడం లెక్కలోకి రాదు. బ్యాంకు కోసమే అట్టిపెట్టిన సిమ్‌కు నెలకు పది ఓటీపీలు వచ్చినా, దాని నుంచి ఒక్క కాల్ కూడా వెళ్లకపోతే, దానికి ఒక్క కాల్ కూడా రాకపోతే, నిబంధన ప్రకారం ఆ సిమ్ వాడకంలో లేనట్టే. అలాంటి సిమ్ నుంచి రెండు మూడు వారాలకోసారి అర నిమిషం మాట్లాడటమో, ఒక ఎస్సెమ్మెస్ పంపడమో చేస్తే 90 రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. చాలామందికి తెలియని జాగ్రత్త ఇది.

అసలు తిరకాసు ఇంకోటి ఉంది. ఆ నిబంధన కాపాడేది నంబర్‌ను. ఆ నంబర్ మీద నడిచే సేవను కాదు.

ఒకే సిమ్ మీద మూడు గడువులు

ప్రీపెయిడ్ సిమ్ మీద ఒకేసారి మూడు గడియారాలు నడుస్తుంటాయి. మొదటిది ప్లాన్ గడువు. కంపెనీలు దీన్ని సర్వీస్ వ్యాలిడిటీ అంటాయి. ఇది తీరిన అర్ధరాత్రి నుంచే ఔట్‌గోయింగ్ కాల్స్, ఎస్సెమ్మెస్, డేటా ఆగిపోతాయి. రెండోది ఇన్‌కమింగ్ గడువు. ప్లాన్ తీరాక కొద్ది రోజులు కాల్స్, మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, ఆ తర్వాత అవీ ఆగుతాయి. ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి, ఆఖరిసారి వేసిన ప్లాన్‌ను బట్టి మారుతుంది. ప్రైవేటు కంపెనీల్లో ఇది రానురాను కుంచించుకుపోయింది, బీఎస్‌ఎన్‌ఎల్‌లో కొంత ఎక్కువ. మూడోది నంబర్ గడువు. సేవలన్నీ ఆగినా నంబర్ ఇంకా మీ పేరు మీదే ఉండే కాలం ఇది. 2013 సవరణలోని 90 రోజుల, రూ.20 రక్షణ వర్తించేది ఈ మూడో గడియారానికి.

బ్యాంకు ఓటీపీ కోసం, ఆధార్ ఓటీపీ కోసం సిమ్ ఉంచుకున్నవాళ్లకు కావలసింది రెండో గడియారం నడవడం. రూ.20 బ్యాలెన్స్ దాన్ని నడిపించదు. అందుకే ‘నా సిమ్ ఇంకా యాక్టివ్‌గానే ఉంది కదా, ఓటీపీ ఎందుకు రావడం లేదు’ అన్న ప్రశ్న సెల్ షాపుల దగ్గర రోజూ వినిపిస్తుంది. యాక్టివ్ అన్న ఒక్క మాటను మూడు అర్థాల్లో వాడటం వల్ల వచ్చిన చిక్కది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు కనిపించినంత మాత్రాన మెసేజ్ వస్తుందనుకోకూడదు. ఇన్‌కమింగ్ ఆపేసిన సిమ్‌కూ టవర్ గీతలు కనిపిస్తాయి.

మెయిన్ బ్యాలెన్స్ విషయంలోనూ ఇదే తంతు. ఖాతాలో వంద రూపాయలున్నా ప్లాన్ గడువు లేకపోతే ఆ డబ్బుతో కాల్ వెళ్లదు. సొమ్ము మనదే, వాడుకోవాలంటే మాత్రం ముందు ఇంకో ప్లాన్ కొనాలి.

రూ.20 టాపప్‌తో రూ.20 రాదు

రూ.20 నిబంధన విని షాపుకెళ్లి రూ.20 టాపప్ వేయించుకుంటే ఖాతాలో పడేది రూ.14.95. అంటే నిబంధన కోరిన మొత్తం లేనట్టే. లెక్క ఇలా ఉంటుంది. టాపప్ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది కాబట్టి ముందు 1.18తో భాగించాలి. వచ్చినదానిలోంచి ప్రాసెసింగ్ ఫీజు తీసేయాలి. ఆ ఫీజు టాపప్ ధరలో పదో వంతు, గరిష్ఠంగా రూ.3. రూ.10కి 7.47, రూ.20కి 14.95, రూ.50కి 39.37, రూ.100కి 81.75 రావడం ఇందువల్లే. ఖాతాలో రూ.20 దాటాలంటే రూ.10, రూ.20 టాపప్‌లు రెండూ వేయాలి, అప్పుడు 22.42 అవుతుంది.

రూ.100 టాపప్‌తో వచ్చే 81.75 నాలుగు మినహాయింపులకు సరిపోతుంది. కాగితం మీద చూస్తే, వాడకం లేని 90 రోజులకు తోడు మరో 120 రోజులు, మొత్తం 210 రోజులు నంబర్ నిలవాలి. నిలిచేది నంబరేనన్న మాట మాత్రం మరవకూడదు. పైగా ఈ నిబంధన ‘వాడకం లేకపోవడం’ గురించి మాట్లాడుతుంది. ప్లాన్ గడువు తీరడం వేరే సంగతి, అది టారిఫ్ (ప్లాన్ ధరల) షరతుల కిందికి వస్తుందన్నది కంపెనీల వాదన. ఆ వాదన ఎక్కడిదో తెలియాలంటే 2018కి వెళ్లాలి.

ఉచిత ఇన్‌కమింగ్ ఎలా పోయింది

2003 మే 1 నుంచి మన దేశంలో ఫోన్ చేసినవాళ్లే డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. అంతకుముందు మొబైల్‌కు కాల్ వచ్చినా నిమిషానికింత అని వసూలు చేసేవారు. కొత్త పద్ధతిలో కాల్ అందుకున్నవాడి కంపెనీకి, కాల్ చేసినవాడి కంపెనీ నిమిషానికి కొన్ని పైసలు చెల్లించేది. దాన్నే ఐయూసీ అనేవారు. అంటే మిస్డ్ కాల్స్ ఇస్తూ, వచ్చిన కాల్స్ మాత్రమే మాట్లాడే కస్టమర్ వల్ల కూడా కంపెనీకి ఎంతో కొంత రాబడి ఉండేది. 2005-06లో వచ్చిన లైఫ్‌టైమ్ ప్లాన్ల వెనక ఉన్న ఆర్థిక సూత్రం అదే. ఒకసారి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా కట్టించుకుని ‘జీవితకాలం ఇన్‌కమింగ్’ అనగలిగారంటే, ఆ ఇన్‌కమింగే వాళ్లకు పైసలు తెచ్చేది కాబట్టి.

2017 అక్టోబర్ 1న ట్రాయ్ ఆ రుసుమును నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించింది. 2021 జనవరి 1న పూర్తిగా ఎత్తేసింది. ఈలోగా 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి కాల్స్‌కు విడిగా ధరే లేకుండా చేసింది. దాంతో ఇన్‌కమింగ్ కోసమే సిమ్ ఉంచుకున్నవాడు కంపెనీ దృష్టిలో రాబడి లేని ఖాతాగా మిగిలాడు. ఆ సిమ్ జేబులో ఊరికే ఉన్నా నెట్‌వర్క్ దాన్ని గమనిస్తూ ఉండాలి, ఏ టవర్ కింద ఉందో రాసుకోవాలి, కాల్ వస్తే వెతకాలి. ఈ ఖర్చు చిన్నదే. అయినా కంపెనీలను కదిలించింది ఖర్చు కంటే సగటు రాబడి లెక్కే. తక్కువ కట్టే కోట్లమంది జాబితాలో ఉంటే ఒక్కో కస్టమర్ మీద వచ్చే సగటు పడిపోతుంది. వాళ్లు ఎక్కువ కట్టినా, సిమ్ వదిలేసి వెళ్లిపోయినా సగటు పెరుగుతుంది. కనీస రీఛార్జ్ ఈ రెండు పనులూ చేసిపెట్టింది.

2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 28 రోజులకు రూ.35 కనీస రీఛార్జ్ పెట్టాయి. అది వేయకపోతే ముందు ఔట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ ఆపుతామన్నాయి. ఖాతాలో డబ్బుండగా సేవ ఎలా ఆపుతారంటూ ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ నవంబర్‌లో ట్రాయ్ జోక్యం చేసుకుంది. గడువు ఎప్పుడు తీరుతుందో, ఏయే ప్లాన్లు ఉన్నాయో కస్టమర్లకు మెసేజ్ ద్వారా స్పష్టంగా చెప్పాలని, సరిపడా బ్యాలెన్స్ ఉన్నవాళ్ల సేవలు అప్పటిదాకా ఆపవద్దని చెప్పింది. అయితే కనీస రీఛార్జ్ పెట్టడమే తప్పని మాత్రం అనలేదు. టారిఫ్‌లు నిర్ణయించుకునే స్వేచ్ఛ చాలా ఏళ్లుగా కంపెనీలదే. ప్లాన్ ప్రవేశపెట్టిన ఏడు పని దినాల్లోగా ట్రాయ్‌కు తెలియజేస్తే సరిపోతుంది. కాబట్టి ‘కనీస రీఛార్జ్ ఇంత’ అని ట్రాయ్ నిర్ణయించిందంటూ వచ్చే ఏ వార్తనైనా నమ్మాల్సిన పని లేదు.

ఆ రూ.35 ఏమైందో చూస్తే సంగతి బోధపడుతుంది. ఎయిర్‌టెల్‌లో 2019 చివర్లో అది రూ.45 అయింది. 2021 జులైలో రూ.49 ప్లాన్ తీసేసి రూ.79 దగ్గర మొదలుపెట్టారు. ఆ నవంబర్‌లో రూ.99. 2022 నవంబర్‌లో హరియాణా, ఒడిశాల్లో రూ.155 పెట్టి చూశారు, తర్వాతి నెలల్లో మిగతా సర్కిళ్లకు, అంటే మిగతా టెలికాం ప్రాంతాలకు తెచ్చారు. 2024 జులై 3 నుంచి 28 రోజుల ప్లాన్ రూ.199. జియోలో అదే రోజున రూ.155 ప్లాన్ రూ.189 అయింది. రోజుకు రూపాయి పావలాతో నిలిచిన సిమ్‌కు ఆరేళ్లు తిరగకుండానే ఏడు రూపాయలు దాటింది. వొడాఫోన్ ఐడియా ఇంకో దారి పట్టింది. రూ.99 ధరను అలాగే ఉంచి రోజులను 28 నుంచి 15కు కోసింది. బీఎస్‌ఎన్‌ఎల్ కూడా రూ.107 ప్లాన్‌ను 35 రోజుల నుంచి 28కి తగ్గించింది. ధర పెంచితే పేపర్లో వార్తవుతుంది, రోజులు తగ్గిస్తే ఎవరూ పట్టించుకోరు.

ఏది వేస్తే ఏడాదికి ఎంత

28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. రూ.199 చొప్పున 2,587 రూపాయలు, రూ.189 చొప్పున 2,457. ఈ ‘పదమూడో నెల’ మీద వచ్చిన ఫిర్యాదుల వల్లే 2022 జనవరిలో ట్రాయ్ టారిఫ్ ఉత్తర్వును సవరించింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రీఛార్జ్ చేసుకునే ప్లాన్ ఒకటి తప్పనిసరిగా ఉంచాలంది. ఉంచారు కూడా. కానీ అవి సాధారణంగా అట్టడుగు ధరలో ఉండవు.

రెండో సిమ్‌ను నిలుపుకునేవాళ్లకు అంతకంటే అక్కరకొచ్చింది 2024 డిసెంబర్ 23 నాటి పన్నెండో సవరణ. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్లాన్ ప్రతి కంపెనీ ఇవ్వాలని, ప్రత్యేక వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచాలని అందులో ఉంది. 2025 జనవరిలో కంపెనీలు ఆ ప్లాన్లు తెచ్చాయి. మొదట పెట్టిన ధరల మీద విమర్శలు రాగానే రోజుల వ్యవధిలోనే కొంత తగ్గించాయి. తగ్గించాక ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు రూ.469, 365 రోజులకు రూ.1,849. జియోలో 84 రోజులకు రూ.448, 336 రోజులకు రూ.1,748. 336 అంటే పన్నెండు ఇరవై ఎనిమిదులు, ఏడాది కాదు. దాన్ని 365 రోజులకు లెక్కగడితే దాదాపు రూ.1,899 అవుతుంది. పైకి చవగ్గా కనిపించే జియో ప్లానే రోజు లెక్కన ఎయిర్‌టెల్ కంటే పైసలు ఎక్కువ.

బీఎస్‌ఎన్‌ఎల్‌లో రూ.1,198 ప్లాన్ 2025లో 365 రోజులు నడిచేది. నెలకు 300 నిమిషాల కాల్స్, 3 జీబీ డేటా, 30 ఎస్సెమ్మెస్‌లు. రోజుకు మూడు రూపాయల పావలా. సిమ్‌ను నిలుపుకోవడానికే అయితే ఇంతకంటే తక్కువకు ఏడాది పొడవునా సేవ దొరకడం కష్టం. అయితే ఇంట్లో, ఊళ్లో బీఎస్‌ఎన్‌ఎల్ సిగ్నల్ ఎలా ఉందో ముందు చూసుకోవాలి. ఓటీపీ సమయానికి రాకపోతే ఆదా చేసిన డబ్బుకు అర్థం లేదు. పైన చెప్పిన ధరలన్నీ ప్రకటించిన నాటివి, మారుతూనే ఉంటాయి. రీఛార్జ్ చేసేరోజు ఆ కంపెనీ సొంత యాప్‌లో చూసుకోవడం మంచిది. చెల్లింపు యాప్‌ల తొలి తెరల మీద అట్టడుగు ప్లాన్ కనిపించడం అరుదు. ‘వాల్యూ’, ‘వాయిస్ ఓన్లీ’ లాంటి పేర్లున్న వరుసలోకి వెళ్లి వెతకాలి.

వేశామనుకున్నా పడని రీఛార్జ్‌లు

సిమ్ పోవడానికి రీఛార్జ్ మరచిపోవడం ఎంత కారణమో, తప్పు రీఛార్జ్ వేయడం కూడా అంతే కారణం. చిన్న చిన్న డేటా ప్యాక్‌లు ప్లాన్ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. ‘ఒక రోజు’ అనో, ‘ఉన్న ప్లాన్ గడువు వరకు’ అనో వాటి కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అసలు ప్లాన్ లేని సిమ్‌కు అవి వేస్తే డబ్బు పోయినట్టే. టాపప్‌తోనూ గడువు రాదు. అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ చాలావరకు మామూలు ప్లాన్ ఉన్న సిమ్ మీదే పనిచేస్తుంది. ప్లాన్ వివరాల్లో ‘సర్వీస్ వ్యాలిడిటీ’ అన్న మాట, దాని పక్కన రోజుల సంఖ్య ఉంటేనే గడువు పెరుగుతుందని లెక్క.

మిగిలిన గడువు చూసుకోవడానికి ఎయిర్‌టెల్‌లో *121#, వొడాఫోన్ ఐడియాలో *199#, బీఎస్‌ఎన్‌ఎల్‌లో *123# కొట్టాలి. జియోలో 1299కి ఫోన్ చేస్తే కాల్ దానంతటదే తెగి మెసేజ్ వస్తుంది. పాత ప్లాన్ తీరకముందే కొత్తది వేస్తే వరుసలో నిలిచి ఉంటుందా, పాతదాన్ని కొట్టేసి వెంటనే మొదలవుతుందా అన్నది ప్లాన్ రకాన్ని బట్టి మారుతుంది. ముఖ్యంగా ఒక రకం ప్లాన్‌లో ఉండి ఇంకో రకానికి మారుతున్నప్పుడు ఇది అడిగి వేయించుకోవాలి.

అతి చవక ప్లాన్లలో ఇంకో మెలిక. కొన్నింటిలో ఔట్‌గోయింగ్ ఎస్సెమ్మెస్ ఉండదు. కొత్త ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యూపీఐ యాప్ పెట్టుకునేటప్పుడు ఆ యాప్ మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపి నంబర్‌ను నిర్ధారించుకుంటుంది. ఆ ఎస్సెమ్మెస్ వెళ్లకపోతే ‘పరికర ధ్రువీకరణ విఫలం’ అని వస్తుంది. బ్యాంకును తిట్టుకుంటారు గానీ లోపం ప్లాన్‌లో ఉంటుంది. ఒకసారి నమోదయ్యాక రోజువారీ చెల్లింపులకు ఎస్సెమ్మెస్ అక్కర్లేదు. ఫోన్ మార్చిన రోజునే బయటపడే చిక్కు ఇది.

పొలంలో సిమ్, కువైట్‌లో సిమ్

తెలుగు జిల్లాల్లో రెండో సిమ్ ఉండేది ఫోన్‌లోనే కాదు. బోరు మోటారుకు బిగించిన మొబైల్ స్టార్టర్‌లోనూ ఒక సిమ్ ఉంటుంది. ఇంటి నుంచి దానికి ఫోన్ చేస్తే మోటారు నడుస్తుంది. దానికి కావలసింది ప్రధానంగా ఇన్‌కమింగ్. కరెంటు వచ్చిందనో మోటారు ఆగిందనో తిరిగి ఫోన్ చేసే రకం స్టార్టరైతే ఔట్‌గోయింగ్ కూడా కావాలి. ఈ పెట్టెల్లో చాలావరకు 2జీ మీద పనిచేసేవే. జియోకు 2జీ లేదు కాబట్టి వాటిలో జియో సిమ్ పనిచేయదు. పంట లేని రెండు మూడు నెలలు ఎవరూ ఫోన్ చేయకపోతే 90 రోజుల లెక్క ముందుకు సాగిపోతుంటుంది. వారానికోసారి ఒక కాల్ చేసి మోటారు తిప్పి ఆపితే సిమ్‌కూ మంచిది, మోటారుకూ మంచిది. రబీ, ఖరీఫ్ రెండూ వేసేవాళ్లకు ఏడాది ప్లాన్ కుదురుతుంది. ఒక్క పంటే వేసేవాళ్లు 84 రోజులవి రెండు వేసుకుని మిగతా కాలం గడువులు చూసుకుంటూ నడిపించవచ్చు, కాకపోతే ఆ లెక్క తప్పితే కొత్త సిమ్ తెచ్చి స్టార్టర్‌లో నంబర్లన్నీ మళ్లీ ఎక్కించాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇక్కడి నంబర్ దాదాపు ఓటీపీ కోసమే. వెళ్లేముందు అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకుంటే, ప్లాన్ గడువు ఉన్నంతకాలం అక్కడ ఎస్సెమ్మెస్ రావడానికి సాధారణంగా డబ్బు పడదు. కాల్ ఎత్తితే మాత్రం భారీగా పడుతుంది, డేటా రోమింగ్ ఆపేసుకోవాలి. యూపీఐ కోసమే ఇక్కడి నంబర్ ఉంచుకోవాలన్న అవసరం కొందరికి తగ్గింది. ఎన్నారై ఖాతాలకు విదేశీ నంబర్‌తోనే యూపీఐ వాడుకునే వీలు 2023 జనవరిలో వచ్చింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్‌లతో పాటు యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఆ మొదటి పది దేశాల జాబితాలో ఉన్నాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువమంది వెళ్లే కువైట్ అందులో లేదు. వాళ్లకు ఇక్కడి సిమ్ తప్పదు.

పోయిన నంబర్ ఎవరి చేతికి వెళ్తుంది

15 రోజుల గడువూ దాటితే నంబర్ కంపెనీ చేతికి పోతుంది. పోర్ట్ అయి, అంటే నంబర్ మారకుండా వేరే కంపెనీ నుంచి వచ్చిన నంబరైతే మొదట ఇచ్చిన కంపెనీకి తిరిగి వెళ్తుంది. కనెక్షన్ తీసేశాక కనీసం 90 రోజులు ఆ నంబర్‌ను ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ తర్వాత ఇస్తారు. 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో ట్రాయ్ ఈ 90 రోజుల సంగతి చెప్పింది. పాత వాడకందారు సమాచారం కొత్తవాళ్లకు చిక్కకూడదంటే వాట్సాప్ ఖాతా, ఫోన్‌లోని డేటా పాతవాళ్లే ముందుగా తీసేసుకోవాలని కోర్టు వ్యాఖ్యానించింది. వాట్సాప్ చెప్పేదాని ప్రకారం, 45 రోజులు వాడకం లేని ఖాతా అదే నంబర్‌తో మరో ఫోన్‌లో తెరుచుకుంటే పాత ఖాతా డేటాను తీసేస్తుంది.

బ్యాంకులకు వాట్సాప్‌లాంటి కాలపరిమితి లేదు. అయితే రద్దయిన నంబర్ల జాబితా ఒకటుంది, ఎంఎన్‌ఆర్‌ఎల్ అంటారు. ఆ జాబితా చూసి ఖాతాల్లోని నంబర్లను సరిచేసుకోవాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. యూపీఐ నంబర్ల వివరాలను కనీసం వారానికోసారి సవరించుకోవాలన్న ఎన్‌పీసీఐ (యూపీఐని నడిపే సంస్థ) ఆదేశం ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దీనివల్ల కొత్తగా నంబర్ తీసుకున్నవాళ్లకు పాతవాళ్ల ఖాతా తగిలే ప్రమాదం తగ్గింది. పాత యజమానికి మాత్రం ఇంకో కష్టం వచ్చిపడింది. నంబర్ పోయిన కొద్ది వారాల్లోనే యూపీఐ ఆగిపోవచ్చు, అప్పుడు శాఖకు వెళ్లి కాగితాల మీద మార్పించుకోవాలి.

కాబట్టి నంబర్ వదిలేయాలని తేల్చుకుంటే వదలడం కంటే ముందు చేయాల్సిన పని ఎక్కువ. ముందు ఆధార్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే పీఎఫ్, పాన్, గ్యాస్, డిజిలాకర్, మెయిల్ రికవరీ. పాత నంబర్‌కు ఓటీపీ వస్తుండగానే వీటిలో చాలావరకు ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు. ఆధార్‌కు మాత్రం పాత నంబర్ లేకపోయినా భయం లేదు, కేంద్రానికి వెళ్లి వేలిముద్రతో కొత్త నంబర్ ఇవ్వవచ్చు. చివర్లో వాట్సాప్‌లో ‘నంబర్ మార్చు’ ఎంచుకోవాలి.

పోర్ట్, ఫిర్యాదు

ఖర్చు తగ్గించుకోవాలంటే నంబర్ వదిలేయనక్కర్లేదు, చవక ప్లాన్ ఉన్న కంపెనీకి పోర్ట్ చేసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, పది అంకెల నంబర్ వేసి 1900కు ఎస్సెమ్మెస్ పంపాలి. ఒకప్పుడు ప్లాన్ తీరిందనో, ప్లాన్‌లో ఎస్సెమ్మెస్ లేదనో ఈ మెసేజ్‌నే అడ్డుకునేవారు. పోదామనుకున్నవాడు పోవడానికి ఖరీదైన ప్లాన్ వేయాల్సివచ్చేది. ఏ ప్లాన్‌లో ఉన్నా 1900కు మెసేజ్ వెళ్లనివ్వాలని 2021 డిసెంబర్ 7న ట్రాయ్ ఆదేశించాక ఆ అడ్డు తొలగింది. 1900 నుంచి జవాబుగా వచ్చే పోర్టింగ్ కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. సిమ్ కొత్తగా మార్పించుకుని ఉంటే 2024 జులై 1 నుంచి ఏడు రోజులు ఆగాలి. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్ కనుక, హైదరాబాద్‌లో తీసుకున్న నంబర్‌ను విజయవాడలో పోర్ట్ చేసినా అది సర్కిల్ లోపలి పోర్టే, మూడు పని దినాల్లో అయిపోవాలి. పాత ఖాతాలోని మెయిన్ బ్యాలెన్స్, మిగిలిన గడువు వెంట రావు.

సిమ్ ఎవరి పేరు మీద ఉందన్నది కూడా ఈ దశలోనే ముందుకొస్తుంది. బావమరిది ఆధార్ మీదో, ఎప్పుడో షాపువాడు ఇచ్చిన పేరు మీదో నడుస్తున్న సిమ్‌ను 15 రోజుల గడువులో తిరిగి తెచ్చుకోవాలంటే ఆ మనిషే రావాలి. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ సైట్‌లో మన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకోవచ్చు. ఈ సదుపాయం 2021లో మొదలైనప్పుడు తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అందుబాటులోకి వచ్చింది. ఒకరి పేరు మీద గరిష్ఠంగా తొమ్మిది సిమ్‌లు ఉండొచ్చు.

గడువు ఉండగానే సేవ ఆపారనుకుంటే మొదట 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి. ఆ సిమ్ నుంచి వెళ్లకపోతే అదే కంపెనీ మరో నంబర్ నుంచి చేయాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి, అంటే ఫిర్యాదును మళ్లీ పరిశీలించే పై అధికారికి వెళ్లొచ్చు. రీఛార్జ్ మెసేజ్, డబ్బు కట్టిన రసీదు, గడువు తేదీ కనిపించే స్క్రీన్‌షాట్, ఈ మూడూ ఉంటే వాదన నిలుస్తుంది. విడి విడి ఫిర్యాదులను ట్రాయ్ తీసుకోదు. మరి ‘ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబర్ ఆపేస్తున్నాం, తొమ్మిది నొక్కండి’ అంటూ వచ్చే ఫోన్ ఎవరిదంటారా? మోసగాళ్లది. పెట్టేసి, కావాలంటే పైన చెప్పిన మీ కంపెనీ నంబర్ కొట్టి గడువు చూసుకుంటే సరి.